కథ అబద్ధమా?

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 12:1–13, న్యాయాధిపతులు 9:7–15, లూకా 10:25–37, యెహెజ్కేలు 33:30–33.



ఆత్మకూరు ప్రక్కనున్న ఒక గ్రామములో ఇంటి ఆరాధన ముగించి లేచుచుండగా ఒక తల్లి మమ్మును ఆపి యిట్లు అడిగెను. "అయ్యగారూ, మా పిల్ల ప్రొద్దుపోయేదాకా కథల పుస్తకాలు చదువుతుంది. పిల్లవాడు ఫోనులో సినిమాలు చూస్తాడు. జరగనిదాన్ని జరిగినట్టు రాయడం అబద్ధం కాదా? అబద్ధానికి ఏడిస్తే ఆ ఏడుపు దేవుడికి ఇష్టమేనా?"

అప్పుడు మేమిచ్చిన జవాబు పొట్టిది. "బైబిలు చదువుకోమని చెప్పమ్మా" అని వచ్చివేసితిమి. ఇంటికి చేరువరకు ఆ ప్రశ్న మాతోకూడ నడిచెను. బైబిలు చదువుమని చెప్పితిమి సరే, బైబిలులోనే కథలున్నవి గదా! ఆ తల్లికి మేము అచ్చియున్న జవాబును ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము. ఈ విషయములో మేము మరియొకరికి కూడ అచ్చియున్నాము. ఆ సంగతి దాని చోట చెప్పుదుము.

1. దేవుని గ్రంథములో కల్పిత కథలు

అబద్ధమునకును కథకును గల భేదమును మొదట తెలిసికొందము. అబద్ధమాడువాడు తన మాట కల్పితమని మనకు తెలియకూడదని కోరును. కథ చెప్పువాడు "ఒక ఊరిలో ఒక మనుష్యుడుండెను" అని ఆరంభించుటతోనే ఇది కథ అని ఒప్పుకొనును. అతడు మనలను మోసపుచ్చుట లేదు, కూర్చుండి వినుమని పిలుచుచున్నాడు.

యోతాము గెరిజీము కొండమీద నిలిచి షెకెము వారికి చెట్ల కథ చెప్పెను. చెట్లు తమకొక రాజును వెదకుచు ఒలీవ చెట్టును, అంజూరపు చెట్టును, ద్రాక్షావల్లిని అడిగినవి. పని గల ఆ మూడును ఒప్పుకొనలేదు. పనికిమాలిన ముండ్లపొద మాత్రము ఒప్పుకొనెను. చెట్లు మాటలాడవని యోతాము ఎరుగును, విన్నవారును ఎరుగుదురు. అయినను ఆ కథలో అబద్ధమేమియు లేదు. అబీమెలెకు ఎట్టివాడో దానికంటె నిజముగా చెప్పిన మాట ఆ అధ్యాయములో మరియొకటి లేదు.

మన ప్రభువు కూడ అట్లే చేసెను. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు ఆయన నిర్వచనము చెప్పలేదు, యెరికో త్రోవలో దొంగల చేత చిక్కిన మనుష్యుని కథ చెప్పెను. కథ ముగించి ప్రశ్నను తిరిగి అతనికే వేసెను. ఆ ఉపదేశకుడు "సమరయుడు" అను పేరు నోట పలుకక, జాలిపడినవాడని మాత్రమే చెప్పుట గమనించుడి. పేరు పలుకలేనివాని నోటనే తీర్పు వచ్చెను. వాదము ఆ పని చేయలేకపోయి యుండును.

మన మెట్ట ప్రాంతపు సంఘములు కూడ కథల వలననే పెరిగినవి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరు చేరిరి. తరువాతి కాలములో సువార్త ఊరూరికి వెళ్లినప్పుడు వినినవారిలో అనేకులకు చదువు లేదు. బైబిలు స్త్రీలు ఇంటింటికి వెళ్లి, తిరుగలి ప్రక్కను వంటపొయ్యి ప్రక్కను కూర్చుండి తప్పిపోయిన కుమారుని కథ చెప్పిరి. ఆ దినములలో చదువురాని మన అవ్వలకు అక్షరములకంటె ముందుగా కథ వచ్చెను.

2. నాతాను పనితనము

ఇప్పుడు నాతాను వద్దకు వత్తము. ఊరియా చచ్చెను, బత్షెబ రాజనగరులో చేరెను, బిడ్డ కూడ పుట్టెను. పాపము కప్పబడినదని దావీదు తలంచి యున్నాడు. అట్టి రాజునొద్దకు నాతాను ఆజ్ఞలు పట్టుకొని పోలేదు, ఒక కథ పట్టుకొని పోయెను. ఆ కథను పనివాని కన్నుతో చూతము.

మొదటిది, అది చాల చిన్నది. ఇద్దరు మనుష్యులు, ఒక బాటసారి, ఒక గొఱ్ఱెపిల్ల, అంతే. ఉదయగిరి దుర్గము క్రింద కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కు పనివారిని మీలో అనేకులు చూచియుందురు. వారు కొయ్యకు ఏమియు కలుపరు, అక్కరలేనిదానిని తీసివేయుదురు. తీయవలసినదంతయు తీసిన తరువాత గరిటె మిగులును. నాతాను కూడ అట్లే చెక్కెను. ఆ ధనవంతుని పేరేమి, ఊరేది, ఇల్లెట్టిది అని చెప్పలేదు.

రెండవది, తీయకూడనిదానిని అతడు తీయలేదు. బీదవాడు ఆ గొఱ్ఱెపిల్లను మిక్కిలి ప్రేమించెనని చెప్పి ఊరకుండలేదు. అది అతని ముద్దలో ముద్ద తినెను, అతని గిన్నెలో త్రాగెను, అతని రొమ్మున పండుకొనెను అని చూపించెను. ప్రేమ అను మాట లేకయే ప్రేమ కనబడినది. మేక పిల్లను ఇంటిలో పెంచిన మన తల్లులకు దీని అర్థము మేము చెప్పనక్కరలేదు.

మూడవది, వినువాడెవడో నాతాను ఎరుగును. దావీదు బాల్యమున గొఱ్ఱెలు కాచినవాడు. సింహము నోటినుండి గొఱ్ఱెపిల్లను విడిపించినవాడు. రాజునొద్ద మాటలాడినయెడల అతడు తన కిరీటమును అడ్డము పెట్టుకొనును. నాతాను ఆ కిరీటమును విడిచి, లోపలి గొఱ్ఱెల కాపరితో మాటలాడెను.

నాల్గవది, నీతిని ముందు చెప్పలేదు. రాజా, దొంగతనము గురించి యొక కథ చెప్పెదనని ఆరంభించి యుండినయెడల దావీదు జాగ్రత్తపడును. కథ ముగియువరకు నాతాను నోరు కట్టుకొనెను. దావీదే మండిపడి, ఆ గొఱ్ఱెపిల్లకు నాలుగంతలు ఇయ్యవలెనని తీర్పు చెప్పెను. తీర్పు నోటినుండి వెలువడిన తరువాతనే, ఆ మనుష్యుడు ఎదుటనున్న రాజేయని ప్రవక్త చూపించెను. ఇక తప్పించుకొనుటకు త్రోవ లేదు. తన తీర్పే తనమీద పడినది.

కథ యొక్క పనియంతయు ఇందులోనే యున్నది. మన తప్పును నేరుగా చూపినయెడల మనము వాదింతుము. మరియొకని పేరు పెట్టి చూపినయెడల న్యాయముగా తీర్పు తీర్చుదుము. కథ మనకు ఆ న్యాయమైన కన్నును అరువిచ్చి, తరువాత దానిని మనవైపు త్రిప్పును.

3. మన తెలుగువారి కథలు

ఇదే పనితనము మన భాషలోని పుస్తకములందును కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి "రాజశేఖర చరిత్రము" తెలుగున వచ్చిన తొలి నవలలలో ఒకటి. అది మొదట 1878లో పత్రికలో వెలువడి, 1880లో పుస్తకమాయెను. గోల్డ్‌స్మిత్ అను ఆంగ్ల రచయిత 1766లో ప్రకటించిన ఒక పల్లె పాదిరిగారి కుటుంబ కథనుండి పంతులుగారు ప్రేరణ పొందిరి. కాని ఆయన దానిని గోదావరి తీరమునకు తెచ్చి, మన ఇండ్లు, మన ముహూర్తములు, మన ముఖస్తుతులు అందులో నింపిరి. బంగారము చేసియిత్తునని నమ్మించిన సన్న్యాసి ఇంటనున్న బంగారమును ఎత్తుకొని పోవుట చదివి మనము నవ్వుదుము. నవ్విన పిమ్మట, త్వరగా రెట్టింపగునని ఎవరి మాటనో నమ్మి మనము కట్టిన చీటీ డబ్బులు జ్ఞాపకమునకు వచ్చును!

గురజాడ అప్పారావుగారు 1910లో వ్రాసిన "దిద్దుబాటు" కొద్ది పుటల కథ. భోగము ఆటలకు మరిగిన భర్త నడిరాత్రి యింటికి వచ్చుసరికి భార్య లేదు, ఉత్తరమొకటి యున్నది. అతడు బెదరి పశ్చాత్తాపపడును. ఆమె మంచము క్రిందనే దాగియున్నదని పిమ్మట తెలియును. ఇందులో ప్రసంగము లేదు, నవ్వున్నది. నవ్వించి దిద్దుటయు ఒక దిద్దుబాటే. కంటిలో దూలము పెట్టుకొని ఇతరుని కంటి నలుసు తీయబోవు మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పినప్పుడు వినినవారు నవ్వియుండరా?

వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువగారు 1941లో "గబ్బిలము" అను కావ్యమును ప్రకటించిరి. గుడిలో అడుగు పెట్టనీయని బీదవాడు తన మొరను కాశీలోని దేవునికి గబ్బిలముచేత పంపును. మనుష్యుడు పోగూడని చోటికి గబ్బిలము పోవచ్చును! ఈ యొక్క తలంపు నూరు ఉపన్యాసముల పని చేయును.

మన యిండ్లలో "యాత్రికుని ప్రయాణము" ఎరుగనివారు అరుదు. దాని కర్త జాన్ బన్యన్ ఇంగ్లండులోని బెడ్‌ఫర్డు చెరసాలలో ఏండ్ల తరబడి యున్న బోధకుడు. ఆ పుస్తకపు మొదటి భాగము 1678లో అచ్చాయెను. మన దేశమున ఉన్నవ లక్ష్మీనారాయణగారు కూడ చెరలో నుండగనే "మాలపల్లి" నవలను వ్రాసిరి. అది 1922లో వెలువడెను. అందులో మాలపల్లె వాడగు రామదాసు కుటుంబము కలదు. కూలివారి పక్షమున నిలిచిన అతని కుమారుడు సంగదాసు భూస్వామి చేతిలో చచ్చును. నాటి మద్రాసు ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించెను. సైన్యములు గల ప్రభుత్వము ఒక కట్టుకథకు ఏల భయపడెను? కథలో తన ముఖము కనబడినవాడు అద్దమును పగులగొట్టవలెనని తలంచును. ఈ మాటను మనస్సున ఉంచుకొనుడి, తిరిగి దీని వద్దకు రావలసియున్నది.

4. తెరమీది కథ

సినిమా మాట కూడ చెప్పవలెను. టూరింగు డేరాలో నేల టిక్కెట్టు కొని, ఇసుక కుప్పచేసుకొని కూర్చుండి చూచిన దినములు మా తరమువారికి జ్ఞాపకము. సంఘ పెద్దలకు తెలియకుండ వెళ్లినవారిలో మేమును ఉంటిమి. నేడు డేరా లేదు, అందరి చేతిలోను తెరయున్నది. వెళ్లవద్దని చెప్పుటకు వెళ్లవలసిన చోటే లేదు. కాబట్టి వద్దనుటకంటె, చూచుట ఎట్లో నేర్పుట అవసరము.

పుస్తకము చదువుచు మనము ఆగి ఆలోచింపవచ్చును. సినిమా మనకొరకు ఆగదు. ఎవరి ముఖమును దగ్గరగా చూపవలెనో, ఎవరిని దూరముగా ఉంచవలెనో తీసినవారు ముందే నిర్ణయించిరి. మన కన్నీటికి ముందుగానే సంగీతము కాలువ త్రవ్వియుండును. ఈ శక్తి మంచికిని ఉపయోగపడినది. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన "మాలపిల్ల" అంటరానితనమును తెరమీద నిలిపెను. 1978లో విజయచందరుగారు యేసు పాత్ర ధరించిన "కరుణామయుడు" చిత్రమును ఊరూరికి యంత్రము మోసికొనిపోయి, తెల్లని తెర కట్టి చూపించిరి. అంతకు ముందు గుడి వాకిలి త్రొక్కనివారును ఆ తెర యెదుట కన్నీరు విడిచిరి.

అదే శక్తి చెడుకును ఉపయోగపడును. బీదవానిని, నల్లనివానిని, నత్తివానిని నవ్వులాటకు పెట్టు కథ, నరకుటను పండుగవలె చూపు కథ, స్త్రీని వస్తువుగా నిలువబెట్టు కథ మనలను ఏ వైపునకు త్రిప్పుచున్నవో చూడుడి. ఫిలిప్పీయులకు 4:8లో పౌలు చెప్పిన జల్లెడతో జల్లించుడి. పిల్లల ప్రక్కన కూర్చుండి మీరును చూడుడి. ముగిసిన తరువాత రెండు ప్రశ్నలడుగుడి: "నీకు ఎవరిమీద జాలి కలిగినది? ఎవరిమీద జాలి పడనీయకుండ చేసిరి?"

అయితే చెడ్డ కథకంటె మోసకరమైనది ఒకటి కలదు. అది మంచి కథను ఊరక చూచి లేచిపోవుట. యెహెజ్కేలు దినములలో జనులు అతని మాటలను మంచి గాయకుని పాటవలె వినిరి గాని వాటి ప్రకారము చేయలేదు. తెరమీద అత్త కోడలిని బాధించుట చూచి కొంగుతో కన్నీరు తుడుచుకొని, లోపలికి పోయి "అంట్లు ఇంకా తోమలేదా?" అని కోడలిమీద కేకవేయు తల్లిని మనమెరుగమా? ఆ కన్నీరు అబద్ధము కాదు. ఇల్లు చేరక గుమ్మము వద్దనే ఇంకిపోయినది, అంతే.

5. మేము అచ్చియున్నది

ఇప్పుడు మా మాట చెప్పుదుము. చాల సంవత్సరముల క్రిందట ఉదయగిరి వైపున ఒక చిన్న సంఘములో ఒక యౌవనస్థుడు క్రిస్మసు రాత్రికి నాటిక వ్రాసి తెచ్చెను. నలుబది పుటల నోటుపుస్తకము. కథ యిది: ఒక రైతు చింతకాయ రాల్చుటకు ఒక విధవరాలిని పండ్రెండు దినములు పనికి పెట్టుకొనెను. రెండు దినములు వాన పడినదని పది దినముల కూలి ఇచ్చెను. ఆ వానలో ఆమె తడియుచు కాయ ఏరుచునే యుండెను. క్రిస్మసు నాడు ఆ రైతు తన పేరు చెక్కించిన పెద్ద దీపమును గుడికి కానుకగా ఇచ్చెను.

అభ్యాసము చూడవచ్చినవారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. మరునాడు ఒక పెద్ద మాయొద్దకు వచ్చి, "ఇది మమ్మల్ని వీధిలో పెట్టడం కాదా అయ్యగారూ?" అని కోపపడెను. మేము సంఘ సమాధానము అను మాటను అడ్డము పెట్టుకొని నాటికను ఆపితిమి. ప్రతియేటివలె జ్ఞానుల నాటిక వేయించితిమి. ఆ చిన్నవాడు మారు పలుకక నోటుపుస్తకము మా చేతికిచ్చి వెళ్లెను. అది మా బీరువాలో పడియుండెను.

అటు పిమ్మట స్త్రీల సమాజములో నాతాను కథను బోధించుచుండగా వెనుక వరుసలోని ఒక అవ్వ అడిగెను: "అయ్యా, దావీదు నాతాను నోరు మూయించి ఉంటే మనకీ అధ్యాయం ఉండేదా?" ఆమె మమ్మును ఉద్దేశించి అనలేదు. అయినను మా నోట మాట రాలేదు. ఇంటికి వచ్చి బీరువా తెరచితిమి.

తరువాతి క్రిస్మసునకు ఆ తమ్ముడు చెన్నపట్టణము నుండి భార్యాబిడ్డలతో ఇంటికి వచ్చెను. మేమే అతని యింటికి వెళ్లి, నోటుపుస్తకము చేతిలో పెట్టి, తప్పు చేసితిమని చెప్పితిమి. అతడు పుటలు త్రిప్పి నవ్వి, మెల్లగా అనెను: "అయ్యగారూ, ఆ రెండు రోజుల కూలి మా అమ్మది."

కథయని మేము ఆపినది కథ కాదు, సాక్ష్యము. పనివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:15 చెప్పుచున్నదని గుడిలో పలుమారు బోధించిన నోరే ఆ సాక్ష్యమును మూసినది. ఆ పెద్ద అప్పటికే ప్రభువునందు నిద్రించెను. రెండు దినముల కూలి నేడు గొప్ప మొత్తము కాదు. కాని ఆ లెక్కలో మా పేరు కూడ ఉన్నదని మాకు తెలిసినది. పుస్తకమును నిషేధించిన ప్రభుత్వమును తప్పుపట్టు మేము, ఒక చిన్న బీరువాలో అదే పని చేసితిమి.

6. వ్రాయగోరు యౌవనస్థులకు

మీలో కొందరికి వ్రాయు కోరిక కలదు. వారికి నాలుగు మాటలు.

చూచినదానిని వ్రాయుడి. పట్టణపు మేడలు మీరెరుగనియెడల వాటి జోలికి పోవద్దు. సోమశిల వద్ద పెన్న నీరు, మెట్ట చేనిలో కంది కోత, ఎండకు పగిలిన మడమలు మీకు తెలియును.

విశ్వాసులందరిని మంచివారుగాను, ఇతరులందరిని చెడ్డవారుగాను వ్రాయవద్దు. ప్రభువు కథలో యాజకుడును లేవీయుడును దాటిపోయిరి, పరజనుడు ఆగెను. చెడ్డవానికి కూడ అతని కారణము ఇయ్యుడి. అప్పుడే చదువరి అతనిలో తన్ను చూచుకొనును.

చివరి పుటలో అందరిని మార్చివేయవద్దు. తప్పిపోయిన కుమారుని కథలో పెద్దవాడు లోపలికి వచ్చెనో లేదో ప్రభువు చెప్పలేదు. వాకిలి తెరచియుంచెను. లోపల వాద్యములు, నాట్యము వినబడుచునే యున్నవి. ఆ కథను ముగింపవలసినవారు వినువారే.

ఒకనిమీద పగ తీర్చుకొనుటకు వ్రాయవద్దు. నాతాను కథలో దావీదు పేరు లేదు, దావీదు సిగ్గుపడి మారుటకు చోటున్నది. మా తమ్ముని నాటికలో ఆ దీపమును ఊరివారందరు గుర్తుపట్టిరి. అది మార్పవలసిన తప్పే. దిద్దుమని చెప్పవలసిన చోట ఆపుమని చెప్పుట మా తప్పు.

ఆత్మకూరి తల్లీ, ఇదే నీకు మా జవాబు. మీ అమ్మాయిని చదువనిమ్ము. కథలోని ఆనందము కూడ దేవుడిచ్చినదే, ప్రతి కథకు నీతి తోక కట్టనక్కరలేదు. అయితే పుస్తకము మూసిన తరువాత ఆమె ప్రక్కన కొంచెము సేపు కూర్చుండి, ఎవరికొరకు ఏడ్చినదో అడుగుము. అట్టివారు మన వీధిలో ఎవరైన ఉన్నారేమో ఇద్దరును కలిసి తలంచుడి. ఆ కన్నీరు గుమ్మము దాటి ఆ యింటికి చేరినయెడల అది దేవునికి ఇష్టమే.

ఇంటి ఆరాధనలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. నాతాను కథలో దావీదునకు ఎక్కువగా తగిలిన మాట ఏదని మీరు తలంచుచున్నారు? ఎందువలన?
2. ఇటీవల మీరు చదివిన లేక చూచిన కథలో ఎవరిమీద కోపపడితిరి? ఆ తప్పు మన యింటిలో ఏ రూపమున నున్నది?
3. మన సంఘములో ఎవరి మాటనైన సమాధానము పేరట మనము ఆపితిమా? దానిని తిరిగి వినుటకు ఏమి చేయుదుము?
4. ఎవరి కూలియైన మనయొద్ద నిలిచియున్నదా?